పలాస తొలి ఓటు, పత్రిక రేటు

శ్రీకాకుళం జిల్లా పలాస పేరుతో శాసనసభకు తొలి పోలింగ్ 2009 ఏప్రిల్ 16న జరిగింది. నియోజకవర్గాల పునర్విభజనలో సోంపేట స్థానం రద్దయింది. ఉద్దానం ఊళ్లు కొన్ని పలాసలో, కొన్ని ఇచ్ఛాపురంలో కలిశాయి.   పలాస పుట్టిన ఆ ఎన్నికలోనే తెలుగు పత్రికల్లో డబ్బిచ్చి వార్తలు వేయించుకునే ‘ప్యాకేజీ’ మాట బజారున పడింది.

దానికి దారి ఇరవై ఏళ్ల ముందే పడింది. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. రాష్ట్రమంతటా ప్రకటన ఇవ్వలేని జీడిపప్పు వ్యాపారికి తన జిల్లా పేజీలో కాలమ్ సెంటీమీటర్ల లెక్కన చోటు దొరికింది. అభ్యర్థికీ దొరికింది. పోనుపోను వార్త రాసే మండల విలేకరే ప్రకటనలూ తేవలసి వచ్చింది. పత్రిక ప్రకటనల రేటు కార్డు మీది ధర ఒకటి, బేరంలో తెగేది మరొకటి.

ఆ బేరం చట్టవిరుద్ధం కాదు. పేజీలకూ ధరకూ ముడిపెట్టి, ప్రకటనల చోటుకు హద్దు గీయబోయిన 1956 నాటి చట్టాన్ని సుప్రీంకోర్టు 1961లో సకాల్ పేపర్స్ కేసులో కొట్టేసింది. సర్కారుకు గిట్టని ప్రకటనను ఏ ధరకైనా, ఉచితంగానైనా వేసే హక్కు పత్రికకు ఉండాల్సిందే. దాన్ని వదులుకోకూడదు.

కానీ ఒక పక్షానికి తగ్గించి, ఇంకో పక్షానికి పూర్తి ధర వేస్తే ఆ తేడా చందాయే. 2007 సెప్టెంబరులో అమెరికాలో ఇదే గొడవ. ఇరాక్ యుద్ధ సేనాని పెట్రేయస్‌ను దుయ్యబట్టిన మూవ్‌ఆన్ అనే సంస్థ ప్రకటనకు ‘న్యూయార్క్ టైమ్స్’ 1,42,083 డాలర్లకు బదులు సుమారు 65 వేలే తీసుకుంది. రచ్చయ్యాక, పొరపాటు జరిగిందని ఆ పత్రిక పాఠకుల ప్రతినిధే తన కాలమ్‌లో తేల్చారు. మిగతా సొమ్ము మూవ్‌ఆన్ కట్టింది.

మన దగ్గర అంతకన్నా లోతైన చీకటి. 2009లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 10 లక్షలు. ప్రకటనగా వేస్తే లెక్కలోకి వచ్చేది, వార్తగా వేస్తే వచ్చేది కాదు. అందుకే ప్రకటన వార్త వేషం కట్టింది. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ఈ సంగతి మీద గట్టిగా గొంతెత్తింది. లోక్‌సత్తా అభ్యర్థి ఒకరు అనుకూల వార్తలకు తాను డబ్బు కట్టానని బయటపెట్టారు. ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి 2010లో పత్రికల పేర్లతో సహా నివేదిక రాశారు. కౌన్సిల్ దాన్ని పూర్తిగా వెల్లడించడానికి జంకింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే తప్ప అధికారికంగా జనం ముందుకు రాలేదు. తెలుగు పాత్రికేయుడు సంతకం చేసిన ఆ కాగితాలను తొక్కిపెట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు.

నియమాలు అసలే లేవని కాదు. జెమినీ టీవీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో టీవీ రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ వచ్చింది. పత్రికలకు ఆ నియమం పోలింగు రోజుకూ, ముందు రోజుకూ మాత్రమే. అదీ ప్రకటనలో ఏముందన్న దాని గురించే. అభ్యర్థి కట్టిన ధర అతని ఖర్చుల పద్దులో ఉంటుంది, ఓటరు చదివే పేజీలో ఉండదు. ప్రకటన ఇచ్చినవారి పేరుతో పాటు చెల్లించిన సొమ్మునూ, కార్డు ధరనూ దాని కిందే అచ్చు వేయాలి. పలాస నియోజకవర్గంలోని మందసలోనో వజ్రపుకొత్తూరులోనో పొద్దున్నే పేపరు విప్పిన ఓటరు ఎవరికెంత తగ్గించారో అప్పుడే చూడగలడు.