ముద్ర మీద ఏ మాట?

వేంగి చాళుక్య రాజ్యానికి మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు. ఆయన రాజముద్ర మీద ఉండేది పేరు కాదు, బిరుదు: విషమసిద్ధి. నేల మీదా నీటి మీదా దాటశక్యం కాని చోట్ల గెలిచాడు కాబట్టి ఆ బిరుదట. ఏడో శతాబ్దం నాటి ఆయన శాసనాల్లో ఒకటి ఒకప్పటి విశాఖ జిల్లాలోని చీపురుపల్లిలో దొరికింది.

ముద్ర అలంకారం కాదు, తాళం. దానం వివరాలను రాగి రేకుల మీద చెక్కి, బెజ్జాల్లోంచి కడియం గుచ్చి, దాని రెండు కొసలనూ ముద్ర అడుగున అతికేసేవారు. కడియం తెంపితే తప్ప రేకు మార్చలేరు. ఆ చిన్న బిళ్ల మీద రాజు తన గురించి చెప్పుకోవడానికి ఒక్క మాటకే చోటు.

విష్ణువర్ధనుడి కొడుకు జయసింహుడు ‘సర్వసిద్ధి’ అనిపించుకున్నాడు. అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం మండలంలో సర్వసిద్ధి అనే ఊరుంది; ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఆ పేరుతో తాలూకాయే ఉండేది. ఆ బిరుదుకూ ఈ ఊరికీ ముడి వేయాలని నాకు మహా సరదా.

తర్వాతి రాజులు ‘శ్రీ త్రిభువనాంకుశ’ దగ్గర ఆగిపోయారు. మాటకు తోడు వరాహం, సూర్యచంద్రులు, అంకుశం. వేంగి గద్దె కోసం దాయాదులు తన్నుకుంటున్నా ముద్ర మాత్రం మూడు లోకాలనూ అదుపులోనే ఉంచింది! నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడి ముద్రా అదే. ఆయన కొడుకు కులోత్తుంగ చోళుడి పేరుతోనే విశాఖ ఒకనాడు కులోత్తుంగ చోళపట్నమైంది. కులోత్తుంగుడి కాలంలోనే, 1077లో, 72 మంది చోళ రాయబారులు చైనాలో సుంగ్ చక్రవర్తి కొలువుకు వెళ్లారు.

అప్పటికే అక్కడ ముద్ర కొలువు దాటి చిత్రకారుల చేతికొచ్చింది. మీ ఫూ (1051–1107) వంటివారు తమ రాతల మీద ఎర్రటి ముద్రలు వేసేవారు. 16వ శతాబ్దంలో వెన్ పెంగ్ మెత్తని రాయిని వాడుకలోకి తెచ్చాక, దంతం చెక్కే పనివాడి కోసం చూడకుండా కళాకారుడే కత్తి పట్టాడు. సొంతంగా చెక్కుకునేసరికి మాటలూ మారాయి. పేరుకొక ముద్ర, చదువుకునే గది పేరుకొకటి, మనసులో మాటకు ఇంకొకటి. ఈ మూడోదాన్ని తీరిక ముద్ర అంటారు. చియెన్‌లుంగ్ చక్రవర్తి 1780లో డెబ్బయ్యో ఏట, అంత వయసు చూసిన అరుదైన రాజునని చెక్కించుకున్నాడు. అదీ గొప్పే అనుకోండి, కాకపోతే త్రిభువనాలను మాత్రం లాగలేదు.

నాకు నచ్చినవాడు చీ పైషీ (1864–1957). కుర్రతనంలో హునాన్ పల్లెల్లో వడ్రంగి. దేశమంతా మెచ్చిన చిత్రకారుడయ్యాక కూడా, వడ్రంగుల మూలగురువు లూ పాన్ శిష్యుణ్ని అని ముద్ర చెక్కుకున్నాడు. 

2009లో యునెస్కో చైనా ముద్రల కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సరదాపడి ముద్ర చెక్కించుకోవాలనుకునే విశాఖ పాఠకులకు ఒక మాట: బిరుదుల జోలికి పోకండి. ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరైతే ఫిట్టరనే చెక్కించుకోండి.