వెర్ట్‌హైమ్ దుకాణం కింద

బెర్లిన్‌లో ఉంటున్నానని చెప్పగానే మనవాళ్ళు హిట్లర్ గురించి అడుగుతారు, లేదంటే గోడ గురించి. ఆ రెండు కథలూ ఒకేచోట కలిసిన నేలమాళిగ ఒకటి ఇక్కడ ఉండేది. యంత్రాలతో కట్టే టెక్నో సంగీతం ఈ నగరంలో వేళ్ళూనుకున్నది అందులోనే. మత్తులో ఊగేవాళ్ళ గోలగా ఆ సంగీతాన్ని కొట్టిపారేసేవాళ్ళకు ముందు ఆ గది చరిత్ర చెప్పాలనిపిస్తుంది నాకు.

లైప్‌జిగర్ వీధిలో 1897లో వెర్ట్‌హైమ్ అనే యూదు కుటుంబం పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచింది. ఆల్ఫ్రెడ్ మెస్సెల్ కట్టిన ఆ భవనానికి యూరప్ అంతా పేరుండేది. కింద ఉక్కు లాకర్లతో ఖజానా గది. నాజీలు అధికారంలోకి వచ్చాక యూదుల వ్యాపారాలను ఒక్కొక్కటే లాక్కున్నారు. గెయోర్గ్ వెర్ట్‌హైమ్ 1937లో తన సంస్థ నుంచి తనే తప్పుకోవలసి వచ్చింది. దుకాణం మీద కుటుంబం పేరు కూడా ఉంచలేదు. 1939 చివరి రోజున ఆయన కన్నుమూశాడు. యుద్ధంలో బాంబులు పడి భవనం కాలిపోయింది; మిగిలిన మొండిగోడలను 1950లలో తూర్పు జర్మనీ ప్రభుత్వం కూల్చేసింది. 1961లో దాదాపు పక్కనే గోడ లేచి, ఆ చుట్టుపక్కల నేల బీడుపడింది. పైన ఇన్ని జరిగినా కింద ఖజానా గది చెక్కుచెదరలేదు.

1989 నవంబరు 9న గోడ తెరుచుకున్నాక తూర్పు బెర్లిన్‌లో ఎవరివో తేలని భవనాలు ఎన్నో బయటపడ్డాయి. అసలు యజమాని యూదుడా, నాజీలు ఎవరికి కట్టబెట్టారు, తర్వాత ప్రభుత్వం ఎప్పుడు జప్తు చేసింది? ఈ చిక్కు విడదీయడానికి ఏళ్ళు పట్టేది. ఆ వ్యవధిలోనే కుర్రాళ్ళు లోపలికి దూరారు. డిమిట్రీ హేగెమాన్, అతని మిత్రులు 1991 మార్చిలో ఆ లాకర్ల గదిలో ట్రెజోర్ అనే క్లబ్ పెట్టారు. తుప్పుపట్టిన అరలు, ఇనుప కటకటాలు, చేతికందే కప్పు. ఇరవై ఎనిమిదేళ్ళు వేరువేరుగా పెరిగిన తూర్పు, పడమర పిల్లలు అక్కడ పక్కపక్కన నిలబడి తెల్లారేదాకా ఆడారు. జర్మనీ ఏకమైన తేదీ పాఠ్యపుస్తకాల్లో 1990 అక్టోబరు 3. మనుషులు ఏకమవడం మాత్రం ఇలాంటి గదుల్లోనే మొదలైందని నా నమ్మకం.

అదే ఏడాది ట్రెజోర్ సొంత రికార్డుల సంస్థ కూడా ప్రారంభించింది. తొలి విడుదల ఎక్స్-101. చేసినవాళ్ళు డెట్రాయిట్‌కు చెందిన నల్లజాతి బృందం అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్. కార్ల కర్మాగారాలు మూతబడి ఖాళీ అయిన ఊరు అది. పాడుబడిన ఊళ్ళో యంత్రాలతో పాట కట్టినవాళ్ళ బాధ పాడుబడిన మరో ఊరికి వెంటనే అర్థమైంది.

నాకు అన్నిటికన్నా ప్రాణమైన రికార్డు అదే సంస్థ 1999లో తెచ్చిన 'నెప్ట్యూన్స్ లెయిర్'. డ్రెక్సియా పేరుతో జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డోనల్డ్ చేశారు. వాళ్ళ సంగీతం వెనక ఒక కల్పనాగాథ ఉంది: బానిస ఓడల్లోంచి సముద్రంలోకి విసిరేసిన గర్భిణుల కడుపులోని బిడ్డలు నీళ్ళలోనే ఊపిరి పీల్చడం నేర్చి, అడుగున ఒక రాజ్యం కట్టుకున్నారని. మాట దాదాపు ఉండదు. లోతుగా కొట్టే దరువు మీద సన్నటి సింథసైజర్ రాగం పైకి తేలి, మునిగి, మళ్ళీ తేలుతుంది. ఆ కథ తెలిశాక ఆ రాగం వినడం వేరే అనుభవం. యూదుల నుంచి లాక్కున్న దుకాణపు ఖజానాలోంచి బానిసల బిడ్డల పాట లోకానికి వెళ్ళడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం అది చాలా సబబుగా తోస్తుంది.

బెర్లిన్ తనదంటూ చేర్చింది కూడా తక్కువేం కాదు. హార్డ్ వ్యాక్స్ రికార్డుల దుకాణం పెట్టిన మార్క్ ఎర్నెస్టస్, మోరిట్జ్ ఫోన్ ఓస్వాల్డ్‌తో కలిసి 1993 నుంచి బేసిక్ ఛానల్ పేరిట పన్నెండంగుళాల డిస్కులు తెచ్చాడు. వివరాలు అచ్చువేయడంలో వాళ్ళు మహా పొదుపరులు. ఒకే స్వరగుచ్ఛం పొగలోంచి వచ్చినట్టు నిమిషాల తరబడి మోగుతుంది, తంబూరా శ్రుతిలాగా. మార్పు ఎక్కడ జరిగిందో చెవికి తెలిసేలోపు జరిగిపోతుంది. 2005 తర్వాత ఇన్నర్‌విజన్స్ వంటి సంస్థలు ఆ చీకటికి మరింత మెలోడీ అద్దాయి. ఆమ్ ద్వయం చేసిన 'రెజ్' ఆ దారిలో మైలురాయి.

స్థలం బిల్డర్లకు అమ్ముడుపోవడంతో పాత ట్రెజోర్ 2005లో మూతపడింది. రెండేళ్ళకు ఒక పాత విద్యుత్ కేంద్రంలో మళ్ళీ తెరుచుకుంది. లాకర్లనూ కటకటాలనూ అక్కడికి మోసుకెళ్ళారు. వెర్ట్‌హైమ్ భూముల వివాదం కూడా 2007లోనే 8 కోట్ల 80 లక్షల యూరోల పరిహారంతో తీరింది. ఖజానా ఉన్నచోట ఇప్పుడు షాపింగ్ మాల్. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నోను జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అద్దెలు పెరిగి క్లబ్బులు మూతపడుతున్న రోజుల్లో ఆ గుర్తింపు గదుల్ని కాపాడుతుందా అన్నదే ఇక్కడివాళ్ళ బెంగ.

వినాలనుకుంటే 'నెప్ట్యూన్స్ లెయిర్'తోనే మొదలుపెట్టండి. ఫోను స్పీకరులో మంద్రస్థాయి వినపడదు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. అది నచ్చితే తర్వాత బేసిక్ ఛానల్ వినండి, తొందరపడకుండా.