చిందు మేళముల శిరోవేషము



వేషమునకు శిరస్సే ప్రధానము. కిరీటము వంగినను, సవరము జాఱినను రంగముమీద రాజు రాజు గాడు, రాణి రాణి గాదు. మన పూర్వుల పాటను, ఆటను కొనియాడువారు పెక్కండ్రు గలరు. ఆ శిరోవేషమును కూర్చిన చేతులను తలచువారు అరుదు.

ఇందూరు, బోధను ప్రాంతములందు చిందు భాగవతులు తరతరములుగా మాదిగ దాతల యెదుట జాంబపురాణమును, యక్షగానములను ఆడి, మిరాశి గ్రామములలో లభించు త్యాగముచే జీవించిరి. కూచిపూడి మేళములందు పురుషులే స్త్రీవేషములు ధరించుట ఆచారమగుటచే సత్యభామ జడకు సవరము తప్పనిసరి యయ్యెను. చిందు మేళములందన్ననో స్త్రీలును రంగమెక్కిరి. బోధను సమీపమునందలి అమ్దాపూరు నివాసిని, 2005లో కీర్తిశేషురాలైన చిందుల ఎల్లమ్మగారు ఇందులకు తార్కాణము.

రాత్రియెల్ల చిందులు త్రొక్కువాని మెడ బరువును ఓర్వజాలదు. కావుననే కిరీటములను, భుజకీర్తులను తేలికయగు పొణికికఱ్ఱతో మలచి, అద్దపు బిళ్లలు పొదిగిరి.

సవరము కూర్చుటయందును ఇట్టి యెఱుకయే వలయును. వెండ్రుకపై కంటికగపడని పొలుసులు కుదురునుండి కొనవైపునకు వాలియుండును. కుదుళ్లన్నియు నొకవైపుననే చేర్చి ముడివేయనిచో సవరము చిక్కువడి పాడగును. దువ్వునప్పుడు కొనలనుండి మొదలిడి క్రమముగ కుదుళ్లకు పోవలయును. ఆట ముగిసినపిమ్మట చెమట యాఱువఱకు నీడను ఆరవేయవలయును. తడితో పెట్టెయందుంచినచో బూజుపట్టును.

ఇట్లు దేవతల శిరస్సులను తీర్చిన కళాకారుని గతి యెట్టిది? రాత్రి దేవుడై కిరీటము ధరించినవానినే తెల్లవాఱినంతనే ఊరు అంటరానివానిగ నెంచెను. ఆ యవమానమును సహించియు అతడు పెట్టెను విడువలేదు.

నిజాంసాగరు జలములచే చెఱకు పండిన ఈ సీమయందు 1937లో నెలకొన్న చక్కెర కర్మాగారము 2015లో మూతవడినది. దాని చరిత్రము దస్త్రములందున్నది. మేళపు పెట్టెకు దస్త్రము లేదు. వృద్ధుల చేతివ్రేళ్లే దానికి గ్రంథము. పెట్టెను అద్దాల బీరువాయందుంచినను, ముడివేయు తీరు ఎఱిగినవాడు లేనినాడు అది వట్టి కట్టెయు, వెండ్రుకలునే గదా!

కావున కులబాంధవులారా, దాతలారా! ప్రతి మేళమునందలి పెద్దలయొద్ద ఒక్క బాలుడైనను, బాలికయైనను ఈ పని నేర్చునట్లు చేయుడు. కిరీటమునకిచ్చు గౌరవమును దానిని చేసిన చేతికిని ఇండు. ఇదియే నా విన్నపము.