ఇల్లు వెంట గొనిపోయిన దారులు

ఎఱ్ఱమలలకును నల్లమలలకును నడుమ, కుందేటి సీమలో, కర్నూలునుండి నంద్యాలకు బోవు బాటమీద నున్న పాణ్యము స్వభావముచేతనే దారిలోని యూరు. పడమట ఎఱ్ఱమలలను దాటి బేతంచెర్లకు బోవు రైలుమార్గమును, దక్షిణమున బనగానపల్లెకును యాగంటికిని బోవు త్రోవయు, తూర్పున నంద్యాలమీదుగా నల్లమల కనుమలకు జేరు బాటయు దానికి దగ్గఱ. ఇట్టి యూరివారు బాటసారులను చూచినంతగా గమ్యము చేరినవారిని చూడరు. సొంతయింటిని చక్రములపై నిలిపి ఊరూర తిరుగవలెనను వేడుక ఇటీవల మన యువకులలో పొడసూపుచుండగా, అది వట్టి పాశ్చాత్యానుకరణమని పెద్దలు తీసివేయుచున్నారు. ఈ సీమ చరిత్రను కొంచెము వెనుకకు ద్రిప్పి చూచినచో ఆ తీర్పు నిలువదు. ఇల్లు కదలుట మనకు క్రొత్త కాదు. నీరు, నీడ, పొయ్యి, పడక యను నాల్గింటిని ఒక్క వాహనములోనే యిమిడ్చుకొనవలసి వచ్చుట మాత్రము క్రొత్త. పూర్వము వానిలో మూడింటిని దారియే సమకూర్చుచుండెను.

ఈ ప్రాంతమున దీర్ఘసంచారము చేయువారిలో అగ్రగణ్యుడు మనుష్యుడు కాడు, అహోబిల నారసింహుడు. సంక్రాంతి మఱునాడు, కనుమనాడు, పారువేట యను పేర స్వామి ఉత్సవమూర్తులు పల్లకి నెక్కి బయలుదేరి, ఆళ్లగడ్డ చుట్టుపట్లనున్న ముప్పదికి పైబడిన గ్రామములలో నలుబది దినములకు మించి తిరిగి, ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవముల వేళకు క్షేత్రమునకు మరలివచ్చును. చెంచులక్ష్మిని పెండ్లాడిన దేవుడు తన కల్యాణమునకు ప్రజలను తానే వచ్చి పిలుచునని జనుల విశ్వాసము. భక్తిమాట యటుంచి, ప్రయాణశాస్త్రముగా చూచినను ఇది మిక్కిలి నేర్పుతో కూర్చిన యేర్పాటు. పల్లకిలో మూర్తులకు చాలినంత చోటు తప్ప మఱేమియు లేదు. అది దిగుటకు అరుగు, రాత్రికి దీపము, పరిచారకులకు భోజనము, మోయువారికి మార్పు, ఇవన్నియు ఆయా గ్రామముల వంతు. ఏ యూర ఎంతసేపు నిలువవలెనో, ఎవరి గుమ్మమున హారతి యందవలెనో వాడుకచేత ముందే తేలియున్నది. వాహనము ఎంత చిన్నదైన నేమి, ముప్పది యూళ్లు దానికి గదులై నిలుచుచున్నవి.

మనుష్యులలో ఇట్టి ప్రయాణము చేసి దానిని గ్రంథస్థము గావించినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యకు సాటి వచ్చువారు తెలుగున లేరు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ యుద్యోగము చేయుచుండిన ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశీయాత్ర ముగించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. తల్లి, భార్య, బంధువులు, పరిచారకులు, పల్లకీ బోయీలు కలిసి నూరుగురికి సుమారైన పరివారముతో, డేరాలతో, ఆయన తిరుపతి, కడపలమీదుగా అహోబిలమునకు వచ్చి, రుద్రవరము, మహానంది, బండిఆత్మకూరు, వెలుగోడు, ఆత్మకూరు మార్గమున శ్రీశైలమునకు బోయెను. అప్పటికి నంద్యాల ప్రాంతము కర్నూలు నవాబు పాలనలో నుండెను. కుంపిణీవారు ఆ నవాబును తొలగించినది 1839లో. పాణ్యము ఆయన మార్గములోనిది కాదు. నల్లమల యంచునే పోయిన ఆ త్రోవకు పడమట నిలిచిపోయినది.

మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసిన లేఖలే 1838లో కాశీయాత్ర చరిత్రగా వెలువడినవి. ఆ గ్రంథమున క్షేత్రమాహాత్మ్యములకంటె నాకు ప్రియమైనవి ఆ మజిలీల ముచ్చట్లు: ఈ యూర బావినీరు మంచిదా కాదా, అంగళ్లున్నవా, దిగుటకు సత్రమో చావడియో కలదా, దారి యిసుకపఱ్ఱయా రాతినేలయా, బోయీలు ఎచ్చట అలసిరి. అంతటి పరివారము కలవాడై యుండియు ఆయన ప్రతిదినమును వెదకినది నీటిని, నీడను, దినుసులమ్ము కోమటిని. ఉన్నచోట సుఖము, లేనిచోట డేరా. డేరా యాయనకు ఇల్లు కాదు. దారి చేయవలసిన పని చేయనినాడు విప్పుకొను ఆపద్ధర్మము మాత్రమే.

అధికారుల డేరా వేఱు. నిజాము 1800లో కుంపిణీకి వదలిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు గ్రామములు తిరుగుచు, భూములు కొలిపించుచు, పెద్దకాలము గుడారములలోనే గడపెను. తరువాత మద్రాసు గవర్నరై ఈ సీమనే మఱల పర్యటించుచు 1827 జూలై 6వ తేదీన పత్తికొండవద్ద విషూచి సోకి మరణించెను. చావు సైతము ఆయనకు మజిలీలోనే వచ్చినది. ఆ తరువాతి కలెక్టరులును జమాబందీకి వచ్చినపుడెల్ల డేరాలు, కుర్చీలు, స్నానపుతొట్లు, కాగితపు పెట్టెలు ఊరినుండి యూరికి కదలుచుండెను. అవి తమంతట తాము కదలలేదు. బండ్లు, ఎడ్లు, కట్టెలు, పాలు, కోళ్లు, పనివాండ్రు గ్రామములనుండి రావలెను. వెట్టి యను మాట మోటదైనను దానికంటె తగిన మాట లేదు. స్వామి పల్లకిని మోయుటకు పోటీపడిన భుజములే దొరగారి తొట్టిని మోయుటకు ముడుచుకొనియుండునని నేననుకొందును.

సామాన్య సంసారికి తెలిసిన కదలెడి యిల్లు గూడుబండి. తుమ్మకఱ్ఱ చక్రములు, వాని చుట్టు ఇనుప కట్టు, పైన వెదురుబద్దలు వంచి ఈతచాప కప్పిన గూడు, లోపల మెత్తగా పఱచిన వరిగడ్డిమీద బొంత, ఇరుసుక్రింద వ్రేలాడు లాంతరు. పెండ్లికిని, పురిటికిని, తిరుణాలకును, కార్తీకమాసములో నవనందుల దర్శనమునకును ఇదియే. తొమ్మిది నందులను ఉదయాస్తమయముల నడుమ చూడవలెనను నియమము కలవారు చీకటితోనే ఎడ్లను కట్టుదురు. వంట ఏ చెఱువుగట్టుననో మూడురాళ్ల పొయ్యిమీద. నిద్ర ఏ గుడి మంటపమునందో. గూడు ఎండనుండి, చినుకునుండి కాపాడినచాలు, తక్కినది దారి చూచుకొనును.

పాతబండిని కొనుటలో మన పెద్దలకొక విద్య యుండెను. వేసవిలో కఱ్ఱ యెండి కుదించుకొనగా ఇనుపకట్టు వదులగును. అందుచేత తెలిసినవాడు వానకాలమున బండి కొనడు, నడివేసవిలో కొనును. చక్రమును రెండుచేతుల బట్టి లోపలికి వెలుపలికి ఊపి, ఇరుసుమీద ఎంత ఆట యున్నదో చూచును. ఆకులమీద కఱ్ఱతో తట్టి చప్పుడు వినును. బోలుగా మ్రోగినచో పుచ్చు. ఆముదములో కాల్చినగడ్డి మసి కలిపి పూయు కందెన క్రొత్తగా దట్టముగా పట్టించియున్నచో సంతోషింపడు, సందేహించును. అమ్మువాడు దేనినో కప్పిపుచ్చుచున్నాడు. ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అనినవారు పాతబండి కొనిచూడు అని మూడవమాట చేర్చకపోవుట వారి దయ.

ఇచ్చట రెండు సమకాలిక వృత్తాంతములను ప్రక్కప్రక్కన నిలుపవలెనని తోచుచున్నది. బేతంచెర్ల సమీపమున బిళ్లసర్గము గుహలు కలవు. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884, 85 ప్రాంతమున, తన కుమారుని తోడ్పాటుతో, ఆ గుహలను త్రవ్వించి ప్రాచీన జంతువుల యెముకలను వెలికి తీయించెను. అదే 1885లో ఇంగ్లండున, నౌకాదళ వైద్యుడుగా పనిచేసి విరమించిన విలియం గోర్డన్ స్టేబుల్స్ అనునాయన, బ్రిస్టలులోని బండ్ల కార్ఖానాలో తనకై కట్టించుకొన్న వాండరర్ అను గుఱ్ఱపుబండిలో వంటయిల్లు, పడక, పుస్తకముల బీరువా అమర్చుకొని, కుక్కను చిలుకను వెంటబెట్టుకొని, స్కాట్లండులోని ఇన్వర్నెస్ వఱకు వినోదార్థము ప్రయాణించెను. వినోదమునకై కట్టిన తొలి సంచారగృహమని యూరోపీయులు దానినే చెప్పుకొందురు. ఫుట్‌వంటివారికి గుడారము వృత్తి, స్టేబుల్సునకు బండి వేడుక.

మూడవవర్గమొకటి కలదు, వారిని చరిత్రకారులు ఈ వరుసలో నిలుపుట అరుదు. పెఱికెయెడ్లపై ఉప్పును ధాన్యమును మోసికొనిపోయి, ప్రొద్దుగ్రుంకిన చోట తండా దించిన లంబాడీలును, గాడిదలపై చాపలగుడిసెను చుట్టిపెట్టుకొని గంపలల్లుచు, ఉప్పమ్ముచు తిరిగిన ఎఱుకలవారును స్టేబుల్స్ కంటె ఎంతో ముందే ఇల్లు వెంట గొనిపోయినవారు. రైలు వచ్చి ఉప్పు బేరము వారి చేతినుండి జారినది. వేడుకకై తిరిగిన దొరను లోకము మెచ్చుకొనెను. బ్రతుకుదెరువుకై తిరిగినవారిని చట్టము శంకించెను. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించి, ఎఱుకలవారిని స్టువర్టుపురమువంటి నివేశనములలో కట్టిపడవేసినది. ఆ చట్టము రద్దగుట 1952లో. నిలుకడ లేనివాడు దొంగయను భావము మాత్రము చట్టముతోపాటు పోలేదు.

గుంతకల్లునుండి నంద్యాలమీదుగా బెజవాడకు బోవు మీటరుగేజి మార్గము పందొమ్మిదవ శతాబ్ది చివర సిద్ధమైనపుడు పాణ్యమున స్టేషను వెలసినది. బనగానపల్లెకు నాడు అదియే దగ్గఱి స్టేషను. నాటి బనగానపల్లె సంస్థానము. 1948లో మద్రాసు రాష్ట్రమున కలియువఱకు, పాణ్యమున రైలు దిగి బండి యెక్కినవాడు సర్కారు సీమను విడిచి నవాబు సీమలో ప్రవేశించుచుండెను. నంద్యాల యెఱ్ఱగుంట్ల రైలుమార్గము 2016లో వచ్చి బనగానపల్లెకు సొంత స్టేషను కలిగించినది. రైలువలన మేలు కలుగలేదని ఎవరందురు? అయినను, ఆరు మజిలీల దూరము ఒక్కరాత్రిగా మారినపుడు నడుమనున్న సత్రములకు బత్తెము తగ్గినది, బావులు పూడినవి, చావడులు పంచాయితీ సామానుకొట్లైనవి. మోటారు బస్సు ఆ పనిని పూర్తిచేసినది.

దారి ఇల్లుగా నుండుట మానినపిమ్మట వాహనమే ఇల్లు కావలసి వచ్చెను. తెలుగునాట దీనికి జగత్ప్రసిద్ధమైన దృష్టాంతము నందమూరి తారకరామారావుగారి చైతన్యరథము. 1982 మార్చి 29న పార్టీని ప్రకటించిన ఆయన, క్రొత్త వాహనముల జోలికి పోక, దశాబ్దముల నాటి పాత షెవర్లే వ్యానును సంపాదించి, పైకప్పును వేదికగా గట్టిపఱపించి, లోపల విశ్రమించుటకు చోటమర్చుకొని, కుమారుడు హరికృష్ణ నడుపగా, రాష్ట్రమంతయు తిరిగెను. నిద్ర దానిలో, స్నానము దారిప్రక్కన, భోజనము చెట్టునీడను. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయువఱకు ఆయనకు అదియే నివాసమనదగియుండెను. రాజకీయముల మాట నాకు పనిలేదు. పాతబండి కొనువాడు దానినుండి గ్రహింపదగిన విశేషము వేఱొకటి. ఆ బండి నిలిచినచోటనెల్ల అన్నము, నీరు, కావలి తెచ్చు జనముండిరి. పారువేట పల్లకికి గ్రామములున్నట్లే దానికిని ఊళ్లుండెను. జనము లేని సామాన్యుడు అట్టి వ్యానునే కొన్నచో నీళ్లడబ్బా తానే నింపుకొనవలెను.

మా జ్ఞాతులలో యువకుడొకడు నంద్యాలలో నొక పాత మెటడోర్ వ్యాను బేరమున కున్నదని విని, దానిని యాత్రాగృహముగా మార్పించుకొనవలెనని ఉబలాటపడుచు, “చిన్నాయనా, కొనమంటావా వద్దంటావా?” అని నన్నడిగెను. మెటడోర్ మనకు పరాయిది కాదు. బజాజ్ టెంపోవారు జర్మనుల నమూనాపై తయారుచేసిన ఆ వ్యాను పెండ్లి బృందములను, బడిపిల్లలను, రోగులను, కూరగాయలను సమానాదరముతో మోసి ఒక తరమువారికి గూడుబండియైనది. ఐరోపాలో ఫోక్స్‌వాగన్ వ్యానులో పడకలమర్చుకొని, 1979నాటి ఇరాన్ అఫ్గానిస్తాన్ కల్లోలములు దారి మూయువఱకు, నేలమార్గమున హిందూదేశమునకు వచ్చిన యువకుల వలెనే వీడును కలలు కనుచున్నాడు. తప్పేమున్నది?

కాని కలకు కాగితములుండవు, బండికి కావలెను. సొంత వాహనపు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆపైన తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్దేశించిన రూపమును తోచినట్లు మార్చుట కూడదు. పడకయు, పొయ్యియు, నీటితొట్టియు బిగించి, కిటికీలు కోసి, పైకప్పు లేపినపిమ్మట రవాణాశాఖకు బోయినవాడు తాను కట్టినదానిని తానే విప్పవలసి వచ్చును; అనుమతి ముందు, వడ్రంగి తరువాత. ఇక బండి సంగతి. చక్రమును జాకీపై లేపి రెండుచేతుల బట్టి ఊపి చూడుమని చెప్పితిని. బేరింగు ఆట నాటి యిరుసు ఆటయే. చాసిస్ అడుగున తుప్పును సుత్తితో తట్టి వినుమంటిని. ఇంజనుక్రింద క్రొత్తగా కడిగిన జాడ కనబడినచో, దట్టపు కందెనను చూచిన మన పెద్దలవలె సందేహింపుమంటిని. వాడు ఇవన్నియు విని తలయూచి, లోపల కట్టింపదలచిన అలమరల పటమును తీసి చూపెను.

నేను పటమును ప్రక్కనబెట్టి మజిలీలడిగితిని. తొలిరాత్రి ఎచ్చట? కర్నూలు చిత్తూరు రహదారి ఇచ్చట నాలుగువరుసలై విశాలమైనదే కాని, లారీల యొద్ద పెట్రోలుబంకులో నిద్ర నిద్ర గాదు. చాలసేపు లెక్కించి మహానంది యని తేల్చితిమి: అచ్చట కోనేట ఊటనీరు ఎండాకాలమునను తగ్గదు, యాత్రికులకు అలవాటుపడిన యూరు, దీపముండును. రెండవరాత్రికి అహోబిలము, ఎగువ క్షేత్రపు కొండదారి పొడవైన బండికి ఇరుకు గనుక దిగువనే నిలుపవలెను. మూడవరాత్రి యాగంటి, అచ్చట పుష్కరిణి గలదు. ఆ పైనుండి బనగానపల్లె మామిడితోపులమీదుగా పాణ్యమునకు తిరుగుదారి. తోపులో రాత్రి నిలువనిత్తురా యని వాడడుగగా, కాయల కాలమున నిలువనీయరు, కోత యైనపిదప తోటవానిని అడిగి చూడవలెనని చెప్పితిని. బండి ధర మాత్రము ఇంకను తెగలేదు.