సోల యెంత తూగును?

మదుర నాయకరాజుల కాలమునుండి, అనగా 16వ శతాబ్దమునుండి, తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. వీధిలో తమిళము, ఇంట తెలుగు మాటలాడుట మనకు వింత కాదు. కొలతలయందును అట్టి రెండు నడవడులే యుండెడివి. అంగడిలో ఎనిమిది ఆళాక్కులు ఒక పడి. ఇంటిలో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. బియ్యము పడితో కొని సోలతో అత్తెసరు పెట్టెడివారు.

తూనిక వరుస వేరు. మూడు తులములు పలము, నలువది పలములు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. చింతపండు, బెల్లము తూచి అమ్మెడివారు. బియ్యము, పప్పులు, నూనె కొలిచి పోసెడివారు.

1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు 1వ తేదీనుండి మెట్రిక్ తూనికలు వాడుకలోనికి రానారంభించి, 1962 ఏప్రిల్ నుండి దేశమంతట విధిగా నమలయ్యెను. తులమునకు 11.66 గ్రాములు, వీశెకు సుమారు 1.4 కిలోగ్రాములు. బరువును బరువుగా మార్చుటకు ఒక్క గుణకారము చాలును. అయితే క్రమముగా బియ్యము, పప్పులు సైతము తూనికకే వచ్చినవి. పడి అంగడి విడిచినది. సోల మాత్రము వంటింటిని విడువలేదు. చిక్కంతయు నిచ్చటనే.

మా తల్లిగారి వ్రాతపుస్తకములో ఆవకాయకు ఇట్లున్నది: ముక్కలు అయిదు సోలలు, ఉప్పు, కారము, ఆవపొడి సమముగా, ఒక్కొక్క సోల. వారు గతించిన మరుసటి వేసవిలో సోల కానరాలేదు. సమమని యున్నదిగదా యని మూడింటిని సమముగా తూపించి తెచ్చితిమి. ఉద్యోగకాలమంతయు పట్టికలు నింపిన మాకు అందులో దోషము తోచలేదు. నెల తిరుగకమునుపే జాడీపైన తెల్లని బూజు కట్టినది. జాడీడు ఆవకాయ పారబోసిన నాడు మా యింట ఎవరును సరిగా భోజనము చేయలేదు. పోయినది కాయ మాత్రమే కాదు. అమ్మ చేతి రుచి ఇక రాదేమో యని భయము పట్టుకొన్నది.

అటకమీది పాతసామానులలో ఆ యిత్తడి సోల దొరికిన పిదప త్రాసు తెచ్చి కూర్చుంటిమి. ముందు ఖాళీ సోలను తూచి, పిదప ఒక్కొక్క పదార్థమును నింపి తూచి, పాత్ర బరువు తీసివేసితిమి. నీరు 320 గ్రాములు, బియ్యము 265, నువ్వులనూనె 295, ఆవపొడి 150, కారము 145. దంచిన ఉప్పు మాత్రము 350! కారమునకు రెండింతలు మించినది. మేము సమముగా తూచి వేసినప్పుడు ఉప్పు సగముకన్న తక్కువ పడినది. బూజు పట్టక యేమగును?

ఈ అంకెలు మా సోలకు, మా ఉప్పునకు చెల్లును. పడి యొక్కొక్క సీమలో ఒక్కొక్క తీరుగా నుండినట్లే సోలలును ఒక్క తీరుగా నుండవు. దంచని కల్లుప్పు పలుకులనడుమ ఖాళీ యుండుటచే తక్కువ తూగును. పిండిని వదులుగా పోసిన నొక బరువు, అదిమి నింపిన వేరొక బరువు. తలకొట్టి కొలుచుటకును, రాశిగా కొలుచుటకును గల భేదమును మా తల్లిగారు వ్రాయలేదు. మా అక్కగారి నడిగితిమి. "ఉప్పు తలకొట్టి, కారము రాశిగా. అది వ్రాయవలెనా యేమి?" యని ఆమె నవ్వినారు. మరల కారమును రాశిగా నింపి తూచితిమి, 170 వచ్చినది.

చెన్నపట్టణములో కాపురమున్న మా కోడలికి సోల లేదు, త్రాసు కలదు. ఆమె కొరకు పుస్తకపు అంచున, మా తల్లిగారి అక్షరముల ప్రక్కనే, గ్రాములు వ్రాయుచున్నాము. ఆవకాయ, మినపసున్ని ముగిసినవి. అరిసెలు మిగిలినవి. చితుకగొట్టిన బెల్లము సోలలో ఒకమారు కుదిరినట్లు మరియొకమారు కుదురదు. మూడుమార్లు నింపి తూచిన మూడంకెలు వచ్చినవి. అక్కగారు వచ్చు సంక్రాంతికి వచ్చెదనన్నారు. అంతవరకు ఆ పుట అంచు ఖాళీగానే యున్నది.