అచ్చు చూడని చేతులు

1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో వెలువడ్డాయి. వాటిని తెలుగు చేయాలని విశాఖపట్నంలో కూర్చున్న మిషనరీలిద్దరూ అప్పటికి లేరు. తెలుగులో క్రైస్తవ రచన ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఆ పుస్తకం గురించే.

నిజానికి కథ అంతకంటే ఎనభై ఏళ్ల ముందుది. తరంగంబాడిలో మిషనరీ జీగెన్‌బాల్గ్ పాత నిబంధనను రూతు గ్రంథం వరకు తమిళంలోకి తెచ్చి, 1719లో కన్నుమూశాడు. మిగిలినది పూర్తిచేసినవాడు బెంజమిన్ షుల్జ్. ఆయన మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని, 1732 నాటికి బైబిలు మొత్తాన్ని తెలుగు చేశాడు. కాని అది అచ్చెక్కలేదు. 1743లో ఆయన జర్మనీకి తిరిగి వెళ్లాడు. అక్కడ హాలే పట్టణంలో 1746, 1747ల్లో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు మాత్రం అచ్చు వేయించగలిగాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటికి పేరుంది. ఏళ్ల తరబడి శ్రమించి రాసిన పెద్ద గ్రంథం మాత్రం రాతప్రతిగానే మిగిలిపోయింది. పరదేశంలో ప్రాణం పోవడం కంటే ఈ బాధ చిన్నదని నేను అనుకోలేను.

1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. షుల్జ్ పని వారికి అక్కరకు రాలేదు. అక్షరాలు దిద్దడం దగ్గర మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారి పక్కన కూర్చున్న ఆనందరాయర్ గురించి మనం మరీ తక్కువ మాట్లాడుకుంటాం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తరంగంబాడి మిషనరీల ద్వారా క్రైస్తవుడై, విశాఖలో అనువాదానికి తోడ్పడ్డాడు. తెలుగు వాక్యం ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో తెలిసినది ఆయనకే. ఇంటినీ కులాన్నీ వదులుకొని వచ్చినవాడి చెవి లేకుండా ఆ సువార్తలు తెలుగయ్యేవి కావని నా నమ్మకం.

సువార్తలు వెలువడిన ఆ ఏడాదే, మార్చి 11న, శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడింది. అక్కడి మిషనరీ విలియం కేరీ రాతప్రతులు ఎన్నో బూడిదయ్యాయి. ఆయన మళ్లీ కలం పట్టాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం వచ్చింది. విశాఖలో మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. మరో రెండేళ్లకే ఆయనా కన్నుమూశాడు. ఒకరు ఆపిన వాక్యం దగ్గర మరొకరు కూర్చోవడమే అప్పటి పద్ధతి.

పురుషోత్తమ చౌదరితో ఆ పద్ధతి మారింది, అనువాదం పక్కన సొంత రచన వచ్చింది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన ఈ బ్రాహ్మణుడు 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో అలా చేయడమంటే సొంతవారి పంక్తికి దూరం కావడమే. ఆయన మాత్రం తాను పెరిగిన సంగీతాన్ని విడువలేదు. రాగతాళాలతో వందకు పైగా కీర్తనలు కట్టాడు. ఆదివారం గుడిలో పెద్దవాళ్లు కళ్లు మూసుకొని పాడేది ఆయన మాటలే.

కవి గుర్రం జాషువా చెల్లించిన మూల్యం వేరు. 1895లో వినుకొండలో పుట్టాడు. పురాణాలు చదివాడని క్రైస్తవుల్లో కొందరు ఆయన్ను దూరం పెట్టారు. అంటరానివాడని పండితులు తమ సభల్లో అవమానించారు. రెండు గడపల ముందూ నిలబడే రాశాడు. మూకీ సినిమాలకు వ్యాఖ్యానం చెప్పి, బడిపంతులుగా పనిచేసి పొట్టపోసుకున్నాడు. 1941లో ‘గబ్బిలం’ వచ్చేనాటికే ఆయన పేరు తెలుగునాట మారుమోగింది. అయినా క్రీస్తు కథను పద్యాల్లో చెప్పాలన్న పనిని వదల్లేదు. ‘క్రీస్తు చరిత్ర’ 1963లో వెలువడింది, మరుసటి ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. తన పుస్తకాన్ని అచ్చులో, చేతుల్లోకి తీసుకొని చూసుకోగలిగాడు.