క్షయ టీకా మూత్రాశయానికి చేరిన దారి

పాలారు ఒడ్డున, కోలారు బంగారు గనులకు కొద్ది దూరంలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న బేతమంగళకు శాసనాల్లో విజయాదిత్యమంగళమని పేరు. బాణరాజు విజయాదిత్యుని పేరిట వెలసిన ఈ ఊరి చెరువు గట్టు తెగిపోగా 10వ శతాబ్దంలో నొళంబ రాజు దాన్ని బాగుచేయించాడని ఇక్కడి శాసనం వల్ల తెలుస్తుంది. దాదాపు వెయ్యేళ్ల తరువాత, 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో, అదే చెరువు నీటిని శుద్ధిచేసి గని కాలనీలకు పంపే ఏర్పాటు జరగడంతో ఊరి చరిత్ర గనుల చరిత్రతో ముడిపడింది. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసి వినిపించే ఈ సీమలో జనం ఎక్కువగా భయపడిన జబ్బు క్షయ; మూత్రాశయ క్యాన్సరు పేరు విన్నవారు నిన్న మొన్నటిదాకా తక్కువే. అయినా ఆ క్యాన్సరుకు తొలిదశలో శస్త్రచికిత్స జరిగాక ఇంకా ఏం చేయాలన్న ప్రశ్నకు ప్రపంచమంతటా వైద్యులు చెప్పే ముఖ్యమైన సమాధానం బి.సి.జి. అనే క్షయ టీకామందే కావడం, మన దేశంలో ఆ టీకా మొదలైన చోట్లలో ఒకటి బేతమంగళకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని మదనపల్లె కావడం వల్ల, ఈ రెండు జబ్బుల చరిత్రను కలిపి చదవడం ఇక్కడివారికి అసహజమేమీ కాదు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ చేతికి వచ్చిన తరువాత కోలారు గనులు ఏటేటా లోతుకు దిగి, చివరికి ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. బంగారం పలుగురాతి పొరల్లో ఉంటుంది గనుక ఆ రాతిని తొలిచినప్పుడల్లా కంటికి ఆనని ధూళి లేచి, ఊపిరితిత్తుల్లో పేరుకొని, చేరిన చోటల్లా మచ్చకట్టి గట్టిపడుతుంది. సిలికోసిస్ అనే ఈ జబ్బు గురించి మన దేశంలో వెలువడిన తొలి నివేదిక 1947లో కోలారు గనుల నుంచి వచ్చినదే. క్రిములను మింగి చంపవలసిన కణాలను ఈ ధూళి దెబ్బతీస్తుంది గనుక సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులువుగా అంటుకుంటుంది, అంటుకున్నది ఒక పట్టాన వదలదు.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, కొందరికి ఛాతీమీద శస్త్రచికిత్స తప్ప వైద్యులు ఇవ్వగలిగింది వేరే ఏమీ ఉండేది కాదు. వాటి కోసమే నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో నెలకొల్పిన శానిటోరియం చుట్టూ ఆరోగ్యవరం అనే ఊరే వెలసింది. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దగా, అక్కడే పనిచేసిన పి.వి. బెంజమిన్ 1948లో కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. ఆ ఏడే మదనపల్లెలో బి.సి.జి. టీకాలు మొదలయ్యాయి, మద్రాసులోని గిండీలో ఆ టీకామందు తయారుచేసే ప్రయోగశాల వెలసింది. 1950 నుంచి యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. రాయలసీమ పల్లె జనం ఓపికగా చేతులు చాపి నిలబడడం వల్లనే ఆ పరిశీలన సాధ్యమైందన్న మాట వైద్య గ్రంథాల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఇంతకూ బి.సి.జి. అంటే పశువులకు క్షయ తెచ్చే క్రిమికి కోరలు పీకిన రూపం. ఫ్రాన్సులోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1908 నుంచి 13 ఏళ్లపాటు ఆ క్రిమిని పిత్తరసం కలిపిన బంగాళాదుంప ముక్కలమీద 230 సార్లు మార్చి మార్చి పెంచగా, అది బతికి ఉంటూనే జబ్బు తెచ్చే శక్తిని పోగొట్టుకుంది. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో అసలు క్షయక్రిమి కలిసిన టీకా పడి 72 మంది శిశువులు చనిపోవడంతో దాని పేరు చెబితేనే జనం బెదిరారు. మన దేశంలోనూ 1955లో రాజాజీ దాన్ని బాహాటంగా వ్యతిరేకించాడు. చివరికి 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన బ్రహ్మాండమైన పరీక్షలో, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని 1980 నాటికి తేలింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే, ఏ ప్రయోజనం కోసం పుట్టిందో అందులో తడబడిన ఆ టీకా, ఉత్తర అమెరికాలో ఎవరూ ఊహించని మరో అవయవంలో తన సత్తా చూపుతోంది.

మూత్రాశయం, అంటే మూత్రం నిలవుండే సంచి, లోపల ఏముందో బతికున్న మనిషిలో చూసే వీలు 1877లో మాక్స్ నిట్జె రూపొందించిన సిస్టోస్కోపు అనే దీపపు గొట్టంతో కలిగింది. 1910లో న్యూయార్కులో ఎడ్విన్ బీర్ ఆ గొట్టం గుండానే విద్యుత్తు పంపి గడ్డను కాల్చివేయగా, 1930ల నాటికి మూత్రనాళం గుండా పోయి గడ్డను తీగె ఉంగరంతో పొరలు పొరలుగా గీకి తీసే పరికరం స్థిరపడింది. పొట్ట కోయకుండా చేసే ఈ శస్త్రచికిత్సే నేటికీ మొదటి మెట్టు. గడ్డ ఎంత పెద్దదన్నదానికన్నా ఎంత లోతుకు పోయిందన్నదే ప్రాణానికి ముఖ్యమని 1946లో జ్యూవెట్, స్ట్రాంగ్ అనే వైద్యులు శవపరీక్షల ఆధారంగా చూపారు. గోడ లోపలి పొరను మాత్రమే పట్టుకున్న గడ్డను టి.ఎ. అనీ, ఆ పొర కిందికి దిగినా కండరాన్ని తాకనిదాన్ని టి.1 అనీ, గడ్డగా లేవకుండా చదునుగా పాకే ఉద్ధృతమైన రకాన్ని సి.ఐ.ఎస్. అనీ అంటారు. కొత్తగా బయటపడే మూత్రాశయ క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులు ఈ మూడు రకాలలోనివే.

గీకి తీయడంతో కథ ముగిసి ఉంటే ఈ వ్యాసానికి పనే లేదు. తొలిదశ అన్న మాట రోగికి ధైర్యమిస్తుంది గాని, ఈ జబ్బు మళ్లీ మళ్లీ మొలిచే గుణం కలది. అదనపు చికిత్స లేకపోతే సగానికి పైగా రోగులలో తిరిగి వస్తుంది, కొందరిలో కండరానికి దిగుతుంది. మూత్రాశయపు సంచి మూత్రనాళం గుండా అందేలా ఉంది గనుక మందును నేరుగా అందులో పోసి కొంతసేపు నిలపవచ్చన్న ఆలోచనతో 1961లో ఇంగ్లండులో థయోటెపా అనే మందును వాడి చూశారు. ఆ మందు వెలువడిన అమెరికన్ సైనమిడ్ సంస్థకే చెందిన లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి 1948లో మరణించేదాకా పనిచేశాడు గనుక తెలుగువారు ఈ చికిత్సనూ ఆయన ఖాతాలో వేయడానికి ఉత్సాహపడవచ్చు. అయితే ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ 1980ల నుంచి మూత్రాశయం దాటి పాకిన ముదిరిన దశలో, మరి మూడు మందులతో కలిపి వాడినదే తప్ప తొలిదశకు సంబంధించినది కాదు. గొప్పవాడికి లేని గొప్ప అంటగట్టవలసిన అవసరం లేదు.

క్షయ ఉన్నవారి శవాల్లో క్యాన్సరు తక్కువగా కనిపిస్తోందని 1929లో రేమండ్ పెర్ల్ గమనించాడు. బి.సి.జి. పడిన జంతువులు కొన్ని గడ్డలను తట్టుకుంటున్నాయని 1959లో మరో ప్రయోగం చెప్పింది, మూత్రాశయపు గోడ కూడా చర్మంలాగే టీకాకు ఎర్రబారి ప్రతిస్పందిస్తుందని 1960ల ప్రయోగాలు నిరూపించాయి. ఇవన్నీ కలిపి చూసుకున్న అల్వారో మొరాలెస్ అనే మూత్రవ్యాధి నిపుణుడు కెనడాలోని కింగ్‌స్టన్‌లో గడ్డలు పదే పదే తిరిగి వస్తున్న తొమ్మిది మంది రోగులకు 120 మిల్లీగ్రాముల బి.సి.జి.ని 50 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలిపి, వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు సంచిలోకి ఎక్కించి, గడ్డలు తిరిగి రావడం బాగా తగ్గిందని 1976లో ప్రకటించాడు. ఆరు వారాలే ఎందుకన్నదానికి గంభీరమైన కారణం లేదు: ఆయనకు అందిన టీకామందు ఆరేసి సీసాల పెట్టెలో వచ్చేది, ఒక విడత మంట తగ్గడానికి వారం పట్టేది. ఆ లెక్క నేటికీ చెక్కు చెదరలేదు. వైద్యంలో కొన్ని ఆచారాలు పంచాంగంకన్నా గట్టిగా నిలుస్తాయి.

1980లో అమెరికాలో డొనాల్డ్ లామ్ రోగులను చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి చేసిన పరీక్ష మొరాలెస్ ఫలితాన్ని బలపరిచింది, 1990లో అక్కడి ప్రభుత్వం ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది. ఆరు వారాలతో ఆపాలా, ఇంకా సాగించాలా అన్నది తరువాతి చిక్కు. 2000లో లామ్ బృందం ప్రకటించిన పరీక్షలో మూడు, ఆరు నెలలకూ, ఆపైన ప్రతి ఆరు నెలలకూ మూడేసి వారాల చొప్పున మూడేళ్లపాటు సాగించినవారికి జబ్బు తిరగబెట్టని కాలం రెట్టింపైంది. అయితే అన్ని విడతలూ పూర్తిచేయగలిగినవారు వందకు 16 మందే. మూత్రంలో మంట, నెత్తురు, పదేపదే వచ్చే ఒత్తిడి, జ్వరం తట్టుకోలేక మిగిలినవారు మధ్యలోనే మానుకున్నారు. కాగితంమీది చికిత్సకూ ఒంటిమీది చికిత్సకూ ఉన్న ఈ తేడాను దాచకుండా ప్రకటించడం ఆ నివేదికకు గౌరవం తెచ్చిన విషయం. 2013లో ఐరోపా బృందం 1,355 మందిమీద జరిపిన పరీక్షలో, మధ్యరకం ప్రమాదం ఉన్నవారికి ఒక ఏడాది చాలుననీ, ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి పూర్తి మోతాదులో మూడేళ్లు మేలనీ తేలింది.

ఎవరికి ఎంత ప్రమాదమో తూచే తక్కెడ 2006లో వచ్చింది. 2,596 మంది రోగుల వివరాలనుంచి ఐరోపా పరిశోధకులు గడ్డల సంఖ్య, పరిమాణం, ముందు ఎన్నిసార్లు తిరగబెట్టింది, లోతు, సి.ఐ.ఎస్. ఉందా లేదా, కణాలు ఎంత ఉద్ధృతంగా ఉన్నాయి అన్న ఆరింటికి మార్కులు వేయగా, ఏడాదిలో జబ్బు తిరిగి వచ్చే అవకాశం అతి తక్కువ మార్కులవారికి 15 శాతం, అతి ఎక్కువవారికి 61 శాతం అని వచ్చింది. చిన్నది, ఒక్కటే అయిన నెమ్మది గడ్డ తీయించుకున్నవారికి ఆపరేషను రోజునే మైటోమైసిన్ వంటి మందు ఒక్కసారి సంచిలో నిలిపితే చాలునని అంతకుముందే తేలింది. 2018లో జెమ్‌సిటబిన్ కూడా ఆ పనికి నిలబడింది. గడ్డ టి.1 అయినా, పరీక్షకు పంపిన ముక్కలో కండరం కనిపించకపోయినా కొన్ని వారాల్లో రెండోసారి గీకి చూడడం మంచిదన్న పద్ధతి 1990ల చివర న్యూయార్కు వైద్యుడు హ్యారీ హెర్ పరిశీలనలతో ఊపందుకుంది, ఎందుకంటే మొదటిసారి మిగిలిపోయిన గడ్డమీద ఎంత మంచి మందు పోసినా వ్యర్థమే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత కోలారు బంగారు గనులనుంచి వేలాదిమంది పనికోసం రోజూ బెంగళూరుకు పోయి వచ్చే రైలు మార్గమే, 1894లో బంగారుపేటనుంచి మారికుప్పానికి వేసిన మార్గమే, రోగులను 1973లో వెలసిన కిద్వాయ్ క్యాన్సరు సంస్థ ఉన్న ఆ నగరానికి చేరుస్తుంది. సన్నని రబ్బరు గొట్టం ద్వారా సంచిలోకి ఎక్కించిన మందును రెండు గంటలు బిగబట్టాలి, తరువాత కూర్చొనే మూత్రం పోయాలి, బతికున్న క్రిములు ఇతరులకు తగలకుండా మరుగుదొడ్డిలో బ్లీచింగు పోసి కాసేపు వదలాలి; వరసగా ఆరు వారాలు ఇంత దూరం వచ్చిపోవడం కూలిమీద బతికేవాడికి మందు ఖర్చుకు తక్కువేమీ కాని ఖర్చు. శస్త్రచికిత్స పుండు మానేందుకు కనీసం రెండు వారాలు ఆగకుండా గాని, గొట్టం పెట్టినప్పుడు నెత్తురు వచ్చిన రోజున గాని బి.సి.జి. ఇవ్వరు, ఎందుకంటే క్రిమి రక్తంలో పడితే ప్రాణాపాయం. క్షయ చురుకుగా ఉన్నవారికి అసలే ఇవ్వరు గనుక, ఏళ్ల తరబడి భూగర్భంలో ధూళి పీల్చిన పాత కార్మికుడి విషయంలో మూత్రాశయం మాట ఎత్తేముందు ఛాతీ ఎక్స్‌రే చూడడం వైద్యుడి మొదటి పని. ఆ చిత్రంలో కనిపించే మచ్చ ధూళిదా, పాత క్షయదా, ఇప్పటికీ రగులుతున్న క్షయదా అని తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే.

టి.1లోనూ ఉద్ధృత రకమైతే, సి.ఐ.ఎస్. తోడైతే, సంచిని మొత్తంగా తీసివేయడమే మేలా అన్న మాటా వస్తుంది. 1950లో బ్రికర్ అనే అమెరికన్ వైద్యుడు చిన్నపేగు ముక్కతో మూత్రాన్ని పొట్టమీది సంచికి మళ్లించే పద్ధతిని స్థిరపరిచిన తరువాత ఇది బతికి బట్టకట్టదగిన శస్త్రచికిత్స అయింది. కాని పొట్టమీద సంచితో పొలం పని, పెళ్లి, ప్రయాణం సాగించవలసిన మనిషికి ఇది వైద్యుడొక్కడే తేల్చే విషయం కాదు. అందుకే చాలామంది ముందు బి.సి.జి.నే ఎంచుకొని, మూడు నెలలకు సిస్టోస్కోపుతో చూసుకొని, అవసరమైతే మరో విడత తీసుకొని, ఆరు నెలలకూ ఉద్ధృత జబ్బు పోకపోతే అప్పుడు సంచి తీయించుకోవడానికి ఒప్పుకుంటారు. 2020 తరువాత అమెరికాలో అనుమతి పొందిన కొత్త మందుల ధర సామాన్యుడి ఊహకు అందనిది.

బి.సి.జి. మాత్రం చవకైనదే అయినా దొరకడమే సమస్యగా మారిన కాలం వచ్చింది. 2012లో కెనడాలోని తయారీశాల వరద పాలై, 2017లో ఆ రకం ఉత్పత్తి పూర్తిగా ఆగిపోవడంతో సంపన్న దేశాల వైద్యులు కూడా మందును ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి మొదట కేటాయించి, మధ్యరకంవారికి మైటోమైసిన్ గాని జెమ్‌సిటబిన్ గాని ఇచ్చి, ఒక సీసాను ముగ్గురికి పంచి, మూడేళ్లను ఏడాదికి కుదించవలసి వచ్చింది. పుణేలోని సీరం సంస్థ మాస్కో రకం క్రిమితో మూత్రాశయం కోసమే వేరుగా సీసాలు తయారుచేస్తున్నందున, మన దేశపు రోగి ఆశ పూర్తిగా అమెరికా సరఫరామీద ఆధారపడి లేదు.